ఒక్క మెతుకు రాలకుండా

ఒరిక్ అనే చిన్న ఊరు దాటి కొద్ది మైళ్ళు వెళ్ళేసరికి ఎండ మాయమవుతుంది. జూన్ నెలాఖరు, సాయంత్రం నాలుగున్నర. మధ్యాహ్నం యుకయా దగ్గర కారు దిగితే వడగాలి మొహానికి కొట్టింది. ఇక్కడ అద్దం దించగానే చల్లగాలి, దాని వెంటే తడిమట్టి వాసన లోపలికి వస్తున్నాయి. వెనక సీట్లో అమ్మ పమిట భుజాల చుట్టూ లాక్కుంటోంది.

"ఇది ఎండాకాలమేనటే?" అని అడుగుతుంది. అమలాపురం నుంచి వచ్చి నెలరోజులైంది. కాలిఫోర్నియా అంటే ఎండే అనుకుంటోంది.

101 హైవే వదిలి, న్యూటన్ బి. డ్రూరీ పేరు పెట్టిన లోపలి రోడ్డుకు మళ్ళుతాం. పక్కనంతా గడ్డిమైదానం. దాని అవతలి అంచున చెట్లు. మొదళ్ళు కనిపిస్తున్నాయి, నడుములు కనిపిస్తున్నాయి, తలలు మాత్రం పొగమంచులో కలిసిపోయాయి. మైదానం మధ్యలో ఎల్క్‌ల మంద మేస్తోంది. ఆడవి, వాటి పక్కన నెల దాటని పిల్లలు. కాస్త దూరంగా రెండు పోతులు. కొమ్ములు ఇంకా ఎదిగే దశలో ఉన్నాయి కాబట్టి వాటి మీద మెత్తటి నూగు తోలు కప్పి ఉంది. రూజ్‌వెల్ట్ ఎల్క్ అంటారు వీటిని. మన అడవుల్లో కణితి ఎంత పెద్దదో తెలిసినవాళ్ళు కూడా వీటిని చూసి ఆగిపోతారు. బాగా ఎదిగిన పోతు నాలుగు వందల కిలోలు దాటుతుంది. ఒకప్పుడు వేట వల్ల ఈ రాష్ట్రంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయి, ఈ చుట్టుపక్కల మిగిలిన చిన్న మందే మళ్ళీ పెరిగింది. మా అమ్మాయి తలుపు తియ్యబోతే మా ఆయన ఆపుతాడు. కనీసం పాతిక గజాల దూరం ఉండాలని పార్కువాళ్ళ నియమం. పిల్లతల్లి ఎల్క్ సాధువు కాదు.

ఇది ప్రెయరీ క్రీక్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్క్. ఉత్తర కాలిఫోర్నియా తీరం, హంబోల్ట్ కౌంటీ. 1923లో మొదలై, ఇప్పుడు 14,000 ఎకరాలకు పెరిగింది. తూర్పున ఈ మైదానం, పడమర పసిఫిక్ సముద్రం, నడుమ ఎప్పుడూ గొడ్డలి పడని అడవి. ఒకప్పుడు ఈ తీరం పొడవునా ఉన్న పాత రెడ్‌వుడ్ అడవిలో ఇవాళ మిగిలింది నూటికి ఐదు పాళ్ళు. అందులో ఒక మంచి తునక మీద ఈ రెండు రాత్రులూ మేం పడుకోబోతున్నాం.

గేటు దగ్గరి గదిలోంచి పార్కు ఉద్యోగిని తల బయటికి పెట్టి రిజర్వేషన్ చూస్తుంది. ఎంతమంది, ఎన్ని రాత్రులు, ఎన్ని కార్లు అని అడిగాక, ఒక కాగితం అందిస్తుంది. తర్వాత ఆవిడ మాటతీరు మారుతుంది. అంతవరకూ మామూలుగా మాట్లాడిన మనిషి, మా అందరి మొహాలూ చూస్తూ నెమ్మదిగా చెబుతుంది. తినేటప్పుడు ఏదీ కింద పడనివ్వకండి. పడితే వెంటనే ఏరండి. బల్ల మీద తిండి వదిలి క్షణం కూడా పక్కకి వెళ్ళకండి. ఏ పక్షికీ ఏమీ పెట్టకండి. గిన్నెలు కడిగిన నీళ్ళు నేల మీద పొయ్యకండి.

"ఎలుగుబంట్లు వస్తాయనా?" అని అమ్మ తెలుగులో నన్నడుగుతుంది. ఎలుగుబంట్లూ ఉన్నాయి గానీ, ఆవిడ చెప్పింది వాటి గురించి కాదు. కాగితం మీద ఉన్న బొమ్మ ఒక చిన్న పక్షిది.

మాకిచ్చిన చోటు అడవికీ మైదానానికీ సరిహద్దులో ఉంది. బరువైన చెక్క బల్ల ఒకటి, రెండు వైపులా బెంచీలు. నెగడు వేసుకోవడానికి ఇనుప వలయం. తిండి పదార్థాలు దాచడానికి గడియ ఉన్న పెద్ద ఇనుప పెట్టె. కట్టెలు ఇక్కడే కొన్నాం. బయటి నుంచి కట్టెలు తేవద్దని చెబుతారు, వాటితో పాటు చెట్ల తెగుళ్ళూ పురుగులూ ప్రయాణం చేస్తాయి. టెంటు వెయ్యడానికి మేకులు దిగగొడుతుంటే సుత్తి అక్కర్లేకపోతోంది. బూటు మడమతో నొక్కితే చాలు. వేల ఏళ్ళుగా రాలిన ఆకు మీద ఆకు కుళ్ళి తయారైన నేల ఇది. దాని మీద నడిస్తే చప్పుడే లేదు.

మా చోటు వెనకే ఒక రెడ్‌వుడ్. మా నలుగురం చేతులు పట్టుకుని చుట్టూ నిలబడితే వలయం సగం కూడా పూర్తి కాలేదు. బెరడు మీద అరచెయ్యి పెడితే చల్లగా లేదు, వెచ్చగానూ లేదు, పీచులు పీచులుగా వేలికి తగులుతోంది. ఆ బెరడు అడుగు మందం దాకా ఉంటుంది. పురుగులకు రుచించని టానిన్లు అందులో నిండి ఉంటాయి. ఒకవైపు మొదట్లో మనిషి నిలబడేంత నల్లటి తొర్ర. ఎప్పటి కార్చిచ్చో లోపల కాల్చుకుపోయింది. పైన చెట్టు పచ్చగానే ఉంది.

ఆరున్నరకి భోజనం. ప్రయాణానికి మన ఇళ్ళలో కట్టుకునేదే కట్టుకొచ్చాం. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, జంతికలు, పిల్లకోసం మరమరాల మిక్చర్. స్టవ్ మీద టీ కాగుతోంది. అమ్మ అందరికీ ప్లేట్లలో వడ్డిస్తోంది. అప్పుడు వచ్చింది అది. బల్లకి ఆరడుగుల దూరంలో, హకిల్‌బెర్రీ పొద మీద వాలింది. ఒళ్ళంతా ముదురు నీలం, తల నలుపు, తల మీద నిలువుగా లేచిన జుట్టు. తల అటూ ఇటూ తిప్పి ఒక కన్నుతో ప్లేటు చూసింది, రెండో కన్నుతో అమ్మ చెయ్యి చూసింది. గొంతు చించుకుని అరిచింది. వెంటనే ఇంకొకటి బెంచీ చివరికి వచ్చేసింది.

స్టెల్లర్స్ జే. కాకి కుటుంబంలోదే. కాకి తెలివే, కాకి ధైర్యమే.

అమ్మ చెయ్యి అప్పటికే కదిలింది. కుడిచేతి వేళ్ళ మధ్య పులిహోరలోని రెండు వేరుశెనగ గింజలు. జీవితమంతా ఆవిడ అన్నం ముద్ద కాకికి పెట్టి తర్వాత తిన్న మనిషి. మా ఊళ్ళో గుళ్ళో దూలానికి పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చులు వేలాడుతుంటాయి. సంక్రాంతి వస్తే అలాంటివి ఇంటి గుమ్మానికీ కడతారు. గడపలోకి వచ్చిన ప్రాణికి ఏదో ఒకటి పెట్టడమే ధర్మం అని మాకు నేర్పింది ఆవిడే.

"అమ్మమ్మా, పెట్టద్దు!" మా అమ్మాయి లేచి నిలబడింది. చేతిలో గేటు దగ్గరిచ్చిన కాగితం.

"రెండు గింజలే కదే తల్లీ. ఆశగా చూస్తోంది."

"అది ఇక్కడ తింటే ఇంకో పక్షి చచ్చిపోతుంది అమ్మమ్మా."

అమ్మ గింజలు మళ్ళీ ప్లేట్లో వేసుకుంది. నావైపు చూసింది. చెప్పు అన్నట్టు.

కాగితం మీది పక్షి పేరు మార్బుల్డ్ మర్రెలెట్. ముక్కు నుంచి తోక దాకా పాతిక సెంటీమీటర్లు, బరువు పావు కిలో లోపే. అది సముద్రపు పక్షి. ఏడాదంతా కెరటాల మీదే తేలుతూ, నీళ్ళలోకి మునిగి చిన్న చిన్న చేపలు పట్టి తింటుంది. దాని కాళ్ళు నీటి పక్షి కాళ్ళు, వేళ్ళ మధ్య తోలు ఉంటుంది. అలాంటి పక్షి గుడ్డు పెట్టే వేళకి మాత్రం సముద్రం వదిలి అడవికి వస్తుంది. అదీ ఏ అడవికో కాదు. వందల ఏళ్ళ వయసున్న చెట్టు కావాలి. ఆ చెట్టుకి ఎత్తులో లావుపాటి కొమ్మ కావాలి. ఆ కొమ్మ మీద మందంగా నాచు పట్టి ఉండాలి. గూడు కట్టడం దానికి చేతకాదు. నాచులో చిన్న గుంట చేసి అందులో గుడ్డు పెడుతుంది.

శాస్త్రవేత్తలు 1789లోనే దీనికి పేరు పెట్టారు గానీ, దాని గూడు ఎక్కడుంటుందో 185 ఏళ్ళపాటు ఎవరికీ అంతుపట్టలేదు. వేసవి తెల్లవారుజామున అడవి మీదుగా ఏదో అరుస్తూ పోతోందని మాత్రం చెట్లు కొట్టేవాళ్ళకి తెలుసు. 1974 ఆగస్టులో, శాంతాక్రజ్ కొండల్లోని బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో హాయిట్ ఫాస్టర్ అనే ఆయన చెట్ల కొమ్మలు కోసే పనిలో ఉన్నాడు. కొమ్మలు విరిగి కింద క్యాంపు వేసుకున్నవాళ్ళ మీద పడతాయన్న భయంతో కోయిస్తున్నారు. ఒక డగ్లస్ ఫర్ మీద, నేలకి దాదాపు 45 మీటర్ల ఎత్తున, ఆయనకొక పిల్ల కనిపించింది. అడవి నడిమధ్య, అంత ఎత్తున, తోలుకాళ్ళ పక్షిపిల్ల. ఆ రహస్యం అలా బయటపడింది. ఈ ఖండం మీద గూడు కనుక్కోవడానికి అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టిన పక్షుల్లో ఇదొకటి.

"ఎన్ని గుడ్లు పెడుతుంది?" అమ్మ అడుగుతుంది.

"ఒక్కటే అమ్మా. ఏడాదికి ఒక్కటి."

అమ్మ ఏమీ మాట్లాడదు. జే ఇంకా పొద మీదే ఉంది.

తల్లీ తండ్రీ వంతులేసుకుని పొదుగుతాయి. ఒకటి కొమ్మ మీద కదలకుండా రోజంతా కూర్చుంటే రెండోది సముద్రంలో ఉంటుంది. మర్నాడు తెల్లవారుజామున చీకట్లోనే వచ్చి వంతు మార్చుకుంటుంది. పిల్ల పుట్టాక సముద్రం నుంచి ఒక్కో చేప ముక్కున కరుచుకుని తేవాలి. కొన్ని పక్షులు తీరం నుంచి 80 కిలోమీటర్ల లోపలికి కూడా అలా వస్తాయి. ఇంత కష్టపడి పెంచే ఒక్క గుడ్డునీ జే ఒక్క పోటుతో పగలగొడుతుంది. బొంతకాకి కూడా అంతే.

జేలు ఈ అడవిలో ఎప్పటినుంచో ఉన్నాయి, కానీ పలచగా ఉండేవి. లోతట్టు అడవిలో వాటికి తిండి కష్టం. క్యాంపుల దగ్గర అలా కాదు. వేసవంతా బల్లల కింద చిప్సు, రొట్టె ముక్కలు, అన్నం మెతుకులు. తిండి దొరికిన చోటే అవి గూళ్ళు కట్టుకుంటాయి, ఎక్కువ పిల్లల్ని పెంచుతాయి. ఆ పిల్లలు చుట్టుపక్కల చెట్లన్నీ వెతుకుతాయి. మన బల్ల మీద నుంచి పడిన గింజ అలా తిరిగి తిరిగి నాచు కొమ్మ మీది గుడ్డు దగ్గరికి చేరుతుంది. 1992 నుంచి కాలిఫోర్నియాతో సహా మూడు పడమటి రాష్ట్రాల్లో మర్రెలెట్ ముప్పులో ఉన్న జాతిగా చట్టపు రక్షణలో ఉంది. చెట్లు నరకడం దానికి పడిన పెద్ద దెబ్బ. నరకడం ఆగిన ఈ పార్కుల్లో మిగిలిన దెబ్బల్లో మనలాంటి వాళ్ళ ఎంగిలి ఒకటి.

జేలు ఆ గుడ్లు తినకుండా ఆపడానికి ఎంత దూరం వెళ్ళారో అమ్మకి చెబుతాను. అప్పటి హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చిన్న కోడిగుడ్లు తెచ్చి, వాటికి మర్రెలెట్ గుడ్డు రంగు వేశారు. నీలం కలిసిన లేత ఆకుపచ్చ మీద ముదురు చుక్కలు. లోపల కార్బకాల్ అనే మందు ఎక్కించి చెట్ల మీద పెట్టారు. తిన్న జేకి వాంతి అవుతుంది, ప్రాణానికి ఏమీ కాదు. ఆ రంగు గుడ్డు అంటే దానికి మళ్ళీ మనసొప్పదు. ఒక పక్షి గుడ్డు కాపాడటానికి మనుషులు కుంచె పట్టుకుని కూర్చుని గుడ్లకి చుక్కలు పెట్టారు. మనల్ని అడుగుతున్నది బల్ల తుడవమని మాత్రమే.

భోజనం అయ్యింది. అమ్మ లేచి, కళ్ళజోడు పెట్టుకుని, ఫోను లైటు వేయించుకుని బల్ల కింద వంగింది. "మిక్చర్ కదా, దొర్లిపోతుంది," అంటూ మరమరాలు ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేసుకుంటోంది. మా ఆయన "అత్తయ్యగారూ, మీరు లేవండి, నేను తీస్తాను" అంటే వినిపించుకోదు. బల్ల చెక్కల సందులో ఇరుక్కున్న అన్నం మెతుకుని పుల్లతో బయటికి తీసింది. తడిగుడ్డతో రెండుసార్లు తుడిచింది. గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా జల్లెడ పట్టించి, మిగిలింది చెత్తసంచిలో వేయించింది. పొద మీది జే కాసేపు చూసి, అరవకుండా వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి గానీ చీకటి పడదు. పడ్డాక మాత్రం గట్టిగా పడుతుంది. నెగడు ఆర్పేశాక చేతిని మొహం ముందు పెట్టుకున్నా కనిపించదు. చలి పది డిగ్రీలకి దిగింది. స్లీపింగ్ బ్యాగుల్లో దూరి పడుకున్న కాసేపటికి టెంటు మీద టప్ టప్ మని చినుకులు మొదలవుతాయి. వాన కురిసి వెలిశాక చూరు నుంచి రాలుతున్నట్టుంది చప్పుడు. జిప్పు తీసి బయట చెయ్యి పెడితే వాన లేదు. మైదానం వైపు నేల పొడిగానే ఉంది. చెట్టు కింద మాత్రమే కురుస్తోంది.

కురిపిస్తున్నది చెట్టే. ఈ తీరంలో వేసవిలో సముద్రం అడుగు నుంచి చన్నీళ్ళు పైకి వస్తాయి. వాటి మీదుగా వచ్చిన తడిగాలి చల్లబడి పొగమంచు అవుతుంది. లోపలి లోయలు ఎండకి కాగి, వేడిగాలి పైకి లేవడంతో ఆ మంచు తీరం నుంచి లోపలికి సాగుతుంది. దారిలో రెడ్‌వుడ్‌లు నిలబడి ఉన్నాయి. వందమీటర్ల ఎత్తున ఉన్న సన్నటి ఆకుల కొసల మీద ఆ మంచు నీరై కూడుకుంటుంది. కొంత ఆకులే తాగేస్తాయి, మిగిలింది కిందికి రాలుతుంది. టాడ్ డాసన్ అనే శాస్త్రవేత్త 1998లో ప్రచురించిన పరిశోధనలో, తాను కొలిచిన రెడ్‌వుడ్ అడవికి ఏడాది మొత్తంలో అందే నీటిలో మూడో వంతు ఇలా ఆకుల మీంచి జారిన మంచునీరేనని తేల్చాడు. వాన చుక్క పడని వేసవిలో చెట్టు తన కాళ్ళ దగ్గర తానే నీళ్ళు పోసుకుంటుంది. దాని కింద ఫెర్న్‌లు, పొదలు, నత్తలు, కప్పలు అన్నీ ఆ నీటితోనే బతుకుతాయి. ఈ రాత్రి మేమూ ఆ నీటి కిందే ఉన్నాం.

అయిదింటికి నేనే లేస్తాను. సూర్యోదయానికి ఇంకా ముప్పావుగంట ఉంది. మైదానం అంచుకి వచ్చి నిలబడి పైకి చూస్తున్నాను. ఆకాశం బూడిదరంగుకి తిరుగుతోంది. మొదట వేరీడ్ థ్రష్ అనే పక్షి ఒక్కటే స్వరం పట్టి సాగదీస్తుంది, ఆపుతుంది, మరో స్వరం పడుతుంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మెడ నొప్పెడుతోంది. అప్పుడు వినిపించింది, చాలా ఎత్తున, పడమటి నుంచి తూర్పుకి. కీర్, కీర్, కీర్. సముద్రపు పక్షుల గొంతే. రేవులో వినాల్సిన గొంతు చెట్ల తలల మీదుగా వచ్చింది. ఆకారం కనిపించలేదు. ఆ వేగానికి కన్ను తిప్పేలోపు దాటిపోయింది. ఇంకొకటి. దాని తర్వాత ఏమీ లేదు. ఏదో కొమ్మ మీద ఇప్పుడు వంతు మారుతూ ఉండాలి, లేదా ఒక చేప చేతులు మారుతూ ఉండాలి. వెనక్కి చూస్తే అమ్మ శాలువా కప్పుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. "విన్నానులే," అంది.

ఎనిమిదింటికి నడక మొదలు. జేమ్స్ ఇర్వైన్ ట్రెయిల్ పట్టుకుంటే నాలుగున్నర మైళ్ళలో ఫెర్న్ కాన్యన్, దాని మూతి దగ్గరే సముద్రం. అమ్మ మాతో కాస్త దూరం నడిచి వెనక్కి వెళ్తుంది. మా ఆయన ఆవిడని కారులో డేవిసన్ రోడ్ అనే మట్టిదారిలో సముద్రం దగ్గరికి తీసుకొస్తాడు. వేసవిలో ఆ దారిన కారుకి ముందుగానే పర్మిట్ తీసుకోవాలి, తీసుకున్నాం.

దారి పక్కన నేలంతా మూడేసి ఆకుల మొక్క పరుచుకుని ఉంది. అమ్మ ఆగి వంగి చూసింది.

"ఇది పులిచింతాకు కదూ! ఇంత పెద్దదేంటే?"

అదే. మన పెరళ్ళలో, పొలం గట్ల మీద మొలిచే పులిచింతకి ఇది సొంత బంధువు, ఆక్సాలిస్ కుటుంబమే. ఇక్కడ రెడ్‌వుడ్ సారెల్ అంటారు. ఆకుకి మూడు హృదయాకారపు రేకులు, మధ్యలో లేత చార, అడుగున కొన్నింటికి వంకాయ రంగు. అమ్మ ఆకు తెంపబోయి తనే చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇక్కడ ఏమీ కొయ్యకూడదు కదా," అంది.

మేం చూస్తుండగానే మంచు పలచబడి, చెట్ల నడుమ నుంచి ఎండ ఒక గీతలా నేల మీద పడింది. ఆ గీత పడిన చోట ఆకులు కదిలాయి. గాలి లేదు. మూడు రేకులూ మధ్యకి మడతపడుతూ కిందికి వాలుతున్నాయి. కొన్ని నిమిషాల్లో ఎండ పడిన చోటల్లా మొక్కలు గొడుగులు మూసేశాయి, నీడలోవి విప్పారి అలాగే ఉన్నాయి. నిండు ఎండలో రెండొందలో వంతు వెలుగుతోనే ఆహారం తయారుచేసుకోగల మొక్క ఇది. ఎండ దానికి అదనం, అందుకే ముడుచుకుంటుంది. మా అమ్మాయి నేల మీద కూర్చుండిపోయి, గీత జరిగేకొద్దీ ముడుచుకునే ఆకులని వేలితో చూపిస్తూ వాళ్ళ అమ్మమ్మకి లెక్క చెబుతోంది.

ఆ తర్వాత మేమిద్దరమే. పడిన మానుల మీద కొత్త చెట్లు మొలిచి వేళ్ళు రెండు వైపులా దింపుకున్నాయి. స్వోర్డ్ ఫెర్న్‌లు మా అమ్మాయి భుజం దాటుతున్నాయి. దారికి అడ్డంగా పసుపు రంగు బనానా స్లగ్, అరచెయ్యంత పొడవుంది, తొందరేమీ లేకుండా పోతోంది. పోనిచ్చి నడిచాం. పడమటికి పోయేకొద్దీ రెడ్‌వుడ్‌లు తగ్గి, సముద్రపు ఉప్పుగాలికి తట్టుకునే సిట్కా స్ప్రూస్‌లు మొదలవుతాయి. కాసేపటికి హోరు వినిపిస్తుంది.

ఫెర్న్ కాన్యన్‌లోకి దిగితే రెండు వైపులా యాభై అడుగుల నిలువు గోడలు. రాయి ఎక్కడా కనిపించదు. పై నుంచి కింది దాకా ఫెర్న్‌లే, వాటి కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నల్లటి సన్న కాడకి వేళ్ళలా విచ్చుకున్న ఫైవ్ ఫింగర్ ఫెర్న్‌లు అన్నిటికంటే ఎక్కువ. అడుగున హోమ్ క్రీక్ పారుతోంది. వేసవిలో వేసే పలకల మీద అడుగులు వేస్తూ, పలక లేని చోట నీళ్ళలోనే నడుస్తాం. 1997లో వచ్చిన రెండో జురాసిక్ పార్క్ సినిమాలో కొంత భాగం ఇక్కడే తీశారు.

వాగు బయటపడేది గోల్డ్ బ్లఫ్స్ బీచ్ మీదికి. 1850లలో ఈ ఇసుకలో బంగారం ఉందని వచ్చి తవ్వారు. మరీ సన్నటి రేణువులు కావడంతో అది గిట్టుబాటు కాలేదు. అమ్మ, మా ఆయన అప్పటికే వచ్చి ఒక దుంగ మీద కూర్చున్నారు. కెరటాలు పెద్దవి, నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

ఆ చల్లదనమే ఇక్కడ అన్నిటికీ మూలం. అడుగు నుంచి వచ్చే ఆ చన్నీళ్ళే పోషకాలు పైకి తెస్తాయి. వాటి మీద పెరిగే కంటికి కనిపించని జీవాలని చిన్న చేపలు తింటాయి. ఆ చేపలని మర్రెలెట్ తింటుంది. అదే చన్నీళ్ళు పొగమంచుని పుట్టించి చెట్టుకి పంపుతాయి. ఆ చెట్టు మీద నాచు పెంచేదీ ఆ తడే. ఆ నాచు మీద మర్రెలెట్ గుడ్డు. సముద్రం చెట్టుకి నీళ్ళిస్తే, చెట్టు సముద్రపు పక్షికి పురుడు పోస్తోంది. నిన్న రాత్రి మా టెంటు మీద రాలిన చుక్క, పొద్దున మా తల మీద అరిచిన పక్షి, ఇప్పుడు కాలికి తగులుతున్న నీళ్ళు ఒకే సంసారం. ఆ సంసారం నట్టింట్లో మన భోజనబల్ల ఉంది.

ఇది యూరోక్ ప్రజల సీమ. రెడ్‌వుడ్ మాను తొలిచి పడవలు, రెడ్‌వుడ్ పలకలతో ఇళ్ళు చేసుకుని వాళ్ళిక్కడ తరతరాలుగా ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. వందేళ్ళకు పైగా ఈ ఆకాశంలో లేకుండా పోయిన కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందుని 2022 మేలో మళ్ళీ ఇక్కడ వదిలింది యూరోక్ తెగ, నేషనల్ పార్క్ వాళ్ళతో కలిసి. బోనుల్లో పెంచిన పక్షులని తెచ్చి, ఒక్కొక్కదానికీ నంబరు బిళ్ళ కట్టి, ఏళ్ళ తరబడి కాపలా కాస్తూ నిలబెడుతున్నారు. పోయిన పక్షిని తిరిగి తేవాలంటే అంత చాకిరీ. పోకుండా చూసుకోవడానికి ఈ రోజు కావలసింది ఒక తడిగుడ్డ, ఒక చెత్తసంచి, కాస్త ఓపిక.

మన వాళ్ళు ఇప్పుడు బే ఏరియా నుంచి, శాక్రమెంటో నుంచి, పోర్ట్‌లాండ్ నుంచి ఈ పార్కులకి పెద్ద సంఖ్యలో వస్తున్నారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకొస్తున్నారు. చాలా సంతోషించాల్సిన విషయం. ఆరు నెలల ముందు రిజర్వేషన్ తెరిచిన పూటే బుక్ చేసుకోకపోతే మేం దిగిన ఎల్క్ ప్రెయరీ క్యాంపులో వేసవికి చోటు దొరకడం కష్టం. ఆ రిజర్వేషన్‌తో పాటే పెద్దవాళ్ళకి ఈ పక్షి కథ చెప్పి తీసుకురండి. నియమం అని చెబితే వాళ్ళు నొచ్చుకోవచ్చు. ఒక్క గుడ్డు సంగతి చెబితే మనకంటే ముందు వాళ్ళే గుడ్డ పట్టుకుంటారు. ప్రాణికి పెట్టడం పుణ్యం అన్న మనసు చాలా గొప్పది. ఆ మనసుకి అడవి లెక్క ఒకటి జతచేస్తే చాలు. ఈ మాట ఇక్కడికే కాదు. శ్రీశైలం ఘాట్‌లో కారు ఆపి కోతులకి బిస్కెట్లు విసిరేటప్పుడూ ఇదే లెక్క. తిండి దొరికిన చోటికి అవి రోడ్డు మీదికి వస్తాయి, బండ్ల కింద పడతాయి, చెట్ల మీద తమ తిండి వెతుక్కోవడం మానేస్తాయి.

మూడో రోజు పొద్దున్న టెంటు మడిచేశాం. మధ్యాహ్నం పన్నెండు లోపు చోటు ఖాళీ చెయ్యాలి, రెండింటికి మరో కుటుంబం వస్తుంది. అన్నీ కారులో సర్దాక అమ్మ మా అమ్మాయి చేతికి లైటిచ్చి బల్ల కిందికి పంపింది. తనేమో బెంచీల చుట్టూ నేలంతా చూస్తూ తిరుగుతోంది. ఇనుప పెట్టె లోపల మూలల్లో కూడా చెయ్యి పెట్టి చూసింది. ఒక జంతిక ముక్క దొరికింది, చెత్తసంచిలో వేసింది. పక్క చోట దిగినవాళ్ళ పిల్లవాడు జేకి చిప్ చూపిస్తుంటే, నన్ను పిలిచి, "వాళ్ళమ్మకి వెళ్ళి చెప్పు. కోప్పడకు. గుడ్డు సంగతి చెప్పు చాలు," అంది.

వెళ్ళి చెప్పాను. ఆవిడ విని, వెంటనే పిల్లవాడి చేతిలోంచి చిప్ తీసుకుని, ఆ పొట్లం తీసుకెళ్ళి ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేసింది. మీరు ఏ క్యాంపులో దిగినా, పక్కవాళ్ళతో ఈ రెండు మాటలు మాట్లాడటానికి మొహమాటపడకండి.